పచ్చముక్కు చిలక

నేను ఒక పెప్పర్‌మెంటు డబ్బాను. అలా చెప్పుకోవడం అలవాటై నోటికి వచ్చేసింది గానీ, నిజానికి ఇప్పుడు నేను డబ్బాను కాను. డబ్బా మీది మూతను మాత్రమే. నా కింద ఉన్నది నాది కాదు. ఈ సంగతి గుంటూరులో ఒక పెద్దమనిషికి తెలుసు, ఆయన భార్యకు తెలుసు, నాకు తెలుసు. తెలియవలసిన మనిషికే తెలియదు. ఆమెకు చెప్పుకునే దారి లేక మీకు చెబుతున్నాను.

నేను పుట్టింది మద్రాసులో, రేకుల మీద రంగుల బొమ్మలు అచ్చువేసే ఒక కార్ఖానాలో. బందరులో పెప్పర్‌మెంటు బిళ్లలు తయారుచేసే ఒక కంపెనీవారు నన్ను చేయించుకున్నారు. మామిడికొమ్మ మీద ఆకుపచ్చ చిలక, దానికి ఎర్రటి ముక్కు, ఆ ముక్కున తెల్లటి బిళ్ల. ఇదీ వాళ్లు కోరిన బొమ్మ. రేకు మీద రంగులన్నీ ఒకేసారి పడవు. పసుపు ఒకసారి, ఆకుపచ్చ ఒకసారి, ఎరుపు ఒకసారి వేసుకుంటూ పోతారు. నాకు ఎరుపు వేసే వేళకు రేకు కాస్త పక్కకు జరిగింది. ముక్కు మీద పడవలసిన రంగు ఎదురుగా ఆకాశం మీద పడింది. చిలకకు పచ్చముక్కు మిగిలింది. దాని ముందు గాలిలో ఒక ఎర్రటి మరక వేలాడుతూ ఉండిపోయింది.

బందరు యజమాని నన్ను చేతిలోకి తీసుకుని, "ఇదేం చిలకయ్యా బాబూ, దీనికేమన్నా కామెర్లొచ్చినయ్యా?" అని విసుక్కున్నాడు. అయినా పారేయడానికి చేతులు రాలేదు. నాలాంటి నాలుగింటిని బిళ్లలతో నింపి చిన్న ఊళ్ల బజార్లకు పంపించాడు. అలా పుట్టుకతోనే నేను తప్పు సరుకును. ఆ తప్పు చూసి ఎవరైనా నా మీద మనసు పడతారని, ఆ మనసే నా కొంప ముంచుతుందని అప్పుడు ఎవరనుకున్నారు?

తెనాలి స్టేషను దగ్గర ఒక కిళ్లీకొట్టులో నన్ను కొన్నవాడు సాంబయ్య. ఒక నాటక సమాజంలో పద్యాలకు హార్మోనియం వాయించేవాడు. ఆ సమాజంలోకి దమయంతి అనే అమ్మాయి కొత్తగా చేరింది. ఆడవేషాలకని వచ్చిన పిల్ల. ఆమె గొంతు విన్నాక సమాజంవాళ్లు చీర విప్పించి కిరీటం పెట్టి, మీసం అతికించి రాజు వేషం కట్టించారు. ఆమె పద్యం ఎత్తుకుని, చివర రాగం తీస్తే జనం వన్స్‌మోర్ కొట్టకుండా ముందుకు సాగనిచ్చేవారు కాదు. అన్నిసార్లు పాడితే గొంతు ఎండిపోదూ? అందుకని సాంబయ్య నన్ను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

బిళ్లలు రెండు నాటకాలకే అయిపోయాయి. ఖాళీ అయిన డబ్బాలను మనుషులు ఏం చేస్తారో నాకు తెలుసు కాబట్టి చెత్తకుప్పకు సిద్ధపడి ఉన్నాను. ఆమె నన్ను పారేయలేదు. లవంగాలూ పటికబెల్లం ముక్కలూ పోసుకుని నడుముపట్టీలో దోపుకుంది. రాజుగారికి ఒకపక్క కత్తి, ఒకపక్క నేను. కత్తి అట్టముక్క. నేనే కాస్త గట్టిదాన్ని.

ఒకరోజు తెరవెనక సాంబయ్య హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాడు. నా మూత బిగుసుకుపోయి ఎంతకీ రావడం లేదు. దమయంతి నన్ను ఎడమ అరచేతిలో బోర్లించి, అడుగున గోటితో గట్టిగా కొట్టింది. ఠంగుమని మోగింది.

"ఆగాగు. మళ్లీ కొట్టు," అన్నాడు సాంబయ్య.

మళ్లీ కొట్టింది. అతను హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కిపట్టి, చెవి ఒగ్గి విని, పకపకా నవ్వాడు.

"ఐదు! నీ శ్రుతేనే పిల్లా! రేపు నా పెట్టె ఏ కాలవలోనన్నా పడ్డా నీకు దిగుల్లేదు. నీ శ్రుతి నీ నడుంలోనే ఉంది."

పద్యం పాడేవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కొక్క శ్రుతి కుదురుతుంది. గొంతు నిలబడే చోటు అది. అక్కడి నుంచి జారితే ఎంత మంచి పద్యమైనా అపస్వరమే. దమయంతికి కుదిరింది ఐదు శ్రుతి. ఏ దేవుడి వేళాకోళమో, నాకూ అదే కుదిరింది. ఆరోజు నుంచి తెర లేచే ముందు ఆమెకు ఇదొక మొక్కుబడి అయింది. నన్ను అరచేతిలో బోర్లించడం, అడుగున గోటితో కొట్టడం, చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకోవడం, ఆ మోత ఇంకా చెవిలో ఉండగానే స్టేజీ మీదికి నడవడం.

ఇక్కడ నా గొప్పతనం గురించి ఒక మాట చెప్పుకోవాలి. బొమ్మ ఉన్నది నా మీద. మనుషులు చూసేది నన్ను. కాబట్టి మోగేది కూడా నేనేనని గట్టిగా నమ్మేదాన్ని. ఆమె అరచేతికి ముఖం ఆనించి పడుకున్న మూతను నేను. దెబ్బ తినేదీ మోగేదీ పైనున్న అడుగు. ఆ చిన్న తేడా నాకు చాలాకాలం తట్టలేదు.

చీరాలలో ఒకసారి ఆమెకు జ్వరం వచ్చింది. చెవులు దిమ్మెక్కి ఉన్నాయి. సాంబయ్య శ్రుతి ఇస్తే, "ఇది తక్కువుంది మావా, పెట్టె పాడైంది," అని పోట్లాటకు దిగింది. అతను వాదించలేదు. "నా మాటెందుకు, నీ డబ్బానే అడుగు," అన్నాడు. ఆమె నన్ను మోగించింది. డబ్బా కూడా సాంబయ్య మాటే అంది. ఆమె లెంపలు వేసుకుని వెళ్లి పాడింది. ఆ తర్వాత సమాజంలో ఆ మాట సామెత అయిపోయింది. పెట్టె పాడవ్వచ్చు, మనిషి చెవి పోవచ్చు, దమయంతి డబ్బా అబద్ధమాడదు.

కాలం నాటకాల మీదుగా నడిచి వెళ్లిపోయింది. సమాజం ఎత్తేశారు. సాంబయ్య పోయాడు. దమయంతి దమయంతమ్మ అయింది. తెనాలిలో రెండు గదుల ఇంట్లో ఉంటూ సాయంత్రాలు అరుగు మీద ఇరుగుపొరుగు పిల్లలకు పద్యాలు నేర్పేది. ఆమెకు మిగిలిన సంసారం ఆ అరుగే. నేను ఆమె మోకాలి పక్కన ఉండేదాన్ని. పిల్లలు శ్రుతి తప్పితే తిట్టేది కాదు. నన్ను ఠంగుమనిపించి, "అదుగో, అక్కడ నిలబడు," అనేది. నా అడుగున అంచు తుప్పు పట్టింది. ఎప్పుడో తెరకర్ర మీద పడి పక్కన సొట్ట కూడా పడింది. ఆమె తుప్పుకు కొబ్బరినూనె రాసేది. సొట్టను మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. సొట్ట తీస్తే శ్రుతి మారుతుందని భయం.

అలాంటి రోజుల్లో గోవర్ధనరావు వచ్చాడు.

ఆయనది గుంటూరు. ఇనపసామాన్ల కొట్టు అల్లుడికి అప్పగించి, తీరుబడిగా పాత డబ్బాలు పోగేస్తున్న పెద్దమనిషి. చాక్లెట్ల డబ్బాలు, పెప్పర్‌మెంటు డబ్బాలు, చూయింగ్ గమ్ డబ్బాలు, దగ్గుబిళ్లల డబ్బాలు, ముందుగది నిండా అవే. ఆయనకు చక్కెర జబ్బు. తీపి నోట పెట్టడు. మనుషుల తీరు నాకు ఇంతే అర్థమైంది. పనికొచ్చేదాన్ని వాడి పారేస్తారు. పనికిరాని దానికి అద్దాల బీరువా కట్టిస్తారు.

పచ్చముక్కు చిలక డబ్బా ఒకటి ఎక్కడో ఉందని ఈ పోగేసేవాళ్లలో ఒక పుకారు ఉందట. అచ్చు సరిగ్గా పడిన చిలకలు నలుగురి దగ్గరా ఉన్నాయి. తప్పు పడినది ఎవరి దగ్గరా లేదు. బందరు యజమాని సిగ్గుపడిన తప్పు కోసం ఈయన ఊళ్లు పట్టుకు తిరిగాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడు ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. నిజం చెప్పొద్దూ, నాకు గర్వం వేసింది. ఆ ముక్కును చూసి నవ్వినవాళ్లే గానీ కళ్లద్దాలు తుడుచుకున్నవాళ్లను నేను ఎరగను.

ఆయన తొందరపడలేదు. నెలల తరబడి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ అరుగు మీద పిల్లల వెనక కూర్చుని పద్యాలు విన్నాడు. ఆమె పాడటం ఆపగానే చప్పట్లు కొట్టి, "వన్స్‌మోర్ అమ్మగారూ!" అనేవాడు. ఆ మాట విని ఎన్నేళ్లయిందో ఆమెకు. ఆ ఒక్కమాటకే ఆమె మెత్తబడిపోయింది. ఒకరోజు ఆయన అసలు మాట ఎత్తాడు.

"అమ్మగారూ, కొంటానని మిమ్మల్ని చిన్నబుచ్చను. అడుగుతున్నా అంతే. మీ తర్వాత ఈ డబ్బా ఏ పాత ఇనపసామానోడి గంపలోనో పడుద్ది. అది తల్చుకుంటే నాకు నిద్ర పట్టట్లా."

దమయంతమ్మ చాలాసేపు నన్ను తిప్పి తిప్పి చూసుకుంది. ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ గంప ఆమెకూ తెలుసు.

"తీస్కెళ్లు నాయనా," అంది చివరికి. "ఒక్కటే మాట. నేనడిగిన రోజు తెచ్చివ్వాలి. ఒక్కసారి మోగించుకొని మళ్లీ నీ చేతికే ఇచ్చేస్తా."

"కన్నబిడ్డలా చూసుకుంటా అమ్మగారూ," అని ఆయన ఆమె కాళ్లకు దండం పెట్టాడు. నేను నమ్మాను. ఆమె నమ్మింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టు అయింది మా పని.

ఈ పోగేసేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఒక డబ్బాకు మూత బాగుండి అడుగు పాడయిందనుకోండి. అలాంటిదే ఇంకొక డబ్బాకు అడుగు బాగుండి మూత పాడయిందనుకోండి. రెండింటిలో మంచివి తీసి ఒకటి చేస్తారు. దానికి వాళ్లలో వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు పెళ్లి. గోవర్ధనరావు దగ్గర మా కంపెనీదే మరొక డబ్బా ఉంది. మూత మీద బొమ్మంతా అరిగిపోయింది, ఒళ్లు మాత్రం నిగనిగలాడుతోంది. తుప్పు రాకుండా దానికి లోపలా బయటా మందంగా వార్నిషు పూసి ఉంచాడు.

నన్ను ఇంటికి తెచ్చిన మర్నాడే బల్ల మీద బట్ట పరిచి భార్యను పిలిచాడు. ఆవిడ పేరు భ్రమరాంబ.

"చూడు భ్రమరా, ఇయ్యాళ చిలక పెళ్లి."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఆమె డబ్బా ఆమె ఇచ్చినట్టే ఉంచుతానన్నారుగా?"

"చిలక ఉన్నది మూత మీదేగా? మూతుంటే డబ్బా ఉన్నట్టే. ఆ తుప్పు కింద పెట్టి చూపిస్తే నవ్విపోతారు."

మంగళసూత్రం లేదు, అక్షింతలు లేవు, మమ్మల్ని అడిగిందీ లేదు. ఇన్నేళ్లలో ఆమె చేతికి తప్ప ఎవరికీ లొంగని నన్ను చాకుమొనతో ఎత్తి ఊడదీశాడు. తీసి ఆ వార్నిషు డబ్బా మీద నొక్కాడు. టక్కున కూర్చున్నాను. అంత సులువుగా కూర్చున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అప్పటిదాకా నేను అంటే మూతా డబ్బా కలిసి ఒకటే. ఇకనుంచి నేను అంటే ఎవరని నన్ను అడిగినవాళ్లు లేరు. బొమ్మ ఎటు ఉంటే పేరు అటు వచ్చింది. పైన పటారం లోన లొటారం అన్నమాట నా కోసమే పుట్టినట్టుంది.

తుప్పు డబ్బాను ఆయన చెత్తబుట్టలో వేశాడు. భ్రమరాంబ దాన్ని తీసి వాసన చూసింది. "అబ్బ, ఇంకా లవంగాల వాసనొస్తోందండీ," అని వంటింట్లోకి పట్టుకుపోయింది. అదే చివరిచూపు.

నన్ను బీరువాలో ఎత్తుగా నిలబెట్టి, కింద ఒక అట్టముక్క పెట్టారు. దాని మీద దమయంతమ్మ పేరు, ఆ పక్కన "పూర్తిగా ఒరిజినల్" అని ముత్యాల్లాంటి అక్షరాలు. తోటివాళ్లు గుంపుగా వచ్చి చూసి గుటకలు మింగేవారు. ఒరిజినల్ అనే మాట వాళ్ల నోట వినిపించినన్ని సార్లు గుళ్లో దేవుడి పేరు కూడా వినిపించదు. అన్నవాడికల్లా గోవర్ధనరావు చిరునవ్వు నవ్వేవాడు. ఆయన నవ్వే ప్రతిసారీ నేను చచ్చేదాన్ని.

కొన్నాళ్లకు తెనాలిలో నాటక పరిషత్తువాళ్లు దమయంతమ్మకు సన్మానం తలపెట్టారు. ఆమె తనే ఫోన్ చేసింది. గది నిశ్శబ్దంగా ఉండటంతో ఆమె గొంతు నాకూ వినిపించింది.

"నాయనా గోవర్ధనం, వాళ్లు శాలువా కప్పి పంపిస్తామంటున్నారు. నేనొప్పుకోలా. ఒక్క పద్యం పాడతా అన్నా. ఈ వయసులో గొంతు నిలుస్తుందో లేదో గానీ, నా డబ్బా మోగితే నిలుస్తుందనే నా ధైర్యం. తెస్తావుగా?"

"అదెంత మాట అమ్మగారూ, నేనే పట్టుకొస్తా," అన్నాడు.

ఫోన్ పెట్టగానే భ్రమరాంబ అడిగింది. "ఏది తీస్కెళ్తారు?"

"అదేం ప్రశ్న? మూత లేని తుప్పు డబ్బాని స్టేజీ మీద చూపిస్తామా?"

"ఆమె అడిగింది చూడ్డానికి కాదుగా, వినడానికి."

"రెండూ ఒక కంపెనీయే. నీకు తెలీదులే."

పోనీ నన్నూ దాన్నీ కలిపి తీసుకెళ్లవచ్చు కదా. రెండు నిమిషాల పని. కానీ అప్పటికే పరిషత్తువాళ్లు పేపరువాళ్లను పిలిచారు. ఫోటోలో తుప్పు కనబడితే బీరువాలో ఉన్నది వేరే అని నలుగురికీ తెలిసిపోతుంది. పరువు గలవాడు కదా ఆయన.

స్టేజీ మీద ఆమెను చూడగానే నా బెంగ తీరింది. బాగా చిక్కిపోయింది. శాలువా ఆమె భుజాల మీద నిలవడం లేదు. గోవర్ధనరావు అందరికీ కనబడేట్టు నన్ను రెండు చేతులా అందించాడు. ఆమె బొటనవేలు చిలక మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. "నా పచ్చముక్కుదే," అని నవ్వుకుంది. నన్ను గుర్తుపట్టింది! ఆ ఒక్క క్షణం అన్నీ మరిచిపోయాను. పాత అరచేయి, పాత వెచ్చదనం. నన్ను బోర్లించింది. గోటితో కొట్టింది.

డొప్పుమంది.

ఆమె తల పక్కకు వంచింది. చేతిలో సరిగ్గా కుదరలేదనుకుని సర్దుకుని మళ్లీ కొట్టింది. డొప్పు. వార్నిషు మింగేసిన మోత, తడిమట్టి మీద పడ్డ కొబ్బరికాయలాగా.

పక్కన పరిషత్తు హార్మోనిస్టు మర్యాదగా శ్రుతి పట్టుకుని ఉన్నాడు.

"ఏం శ్రుతి ఇచ్చావు నాయనా?" అంది.

"ఐదేనమ్మగారూ. మీరు చెప్పిందే."

"నా చెవికీ ఐదనే వినిపిస్తోంది," అంది ఆమె మెల్లగా. "కానీ డబ్బా కాదంటోందే."

ఆమె చెవి నిక్కంగా ఉంది. హార్మోనియం నిక్కంగా ఉంది. తప్పుడు సాక్ష్యం చెబుతున్నది నేనొక్కదాన్నే. ఆమె గోవర్ధనరావు వైపు తిరిగింది. ఆ చూపులో అనుమానం లేదు. పిల్లవాడిని అడిగినట్టు అడిగింది.

"గోవర్ధనం, డబ్బాకేమన్నా అయిందా నాయనా? కిందగానీ పడిందా? అయితే అయిందని చెప్పు, నేనేమీ అనుకోను."

ఆ ఒక్క ప్రశ్నతో ఆమె ఆయనకు తలుపు బార్లా తెరిచిపెట్టింది. పడింది అని అబద్ధమాడినా చాలు, ఆమె పాడేది. చెప్పు, చెప్పు అని నేను ఆమె అరచేతిలో గింజుకున్నాను. ఆయన జనం వైపు చూశాడు. ఫోటోలు తీసేవాళ్ల వైపు చూశాడు.

"ఏం కాలేదమ్మగారూ. మీరిచ్చింది ఇచ్చినట్టే ఉంది. నేను చెయ్యి కూడా వెయ్యలా."

ఆమె తల ఊపింది. చీరాల నాటి జ్వరం గుర్తొచ్చి ఉంటుంది. డబ్బా అబద్ధమాడదు. కాబట్టి పోయింది చెవి. మైకు దగ్గరకు వంగి, "క్షమించండి. పద్యం లేదు. నా చెవి పోయింది. చెవి పోయినదాన్ని పద్యం ముట్టుకోకూడదు," అంది. పెద్దావిడ వినయం కాబోలు అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత గట్టి చప్పట్లు ఆమె రాజు వేషానికి కూడా కొట్టలేదు.

దిగేటప్పుడు నన్ను ఆయన చేతికే తిరిగి ఇచ్చింది. "ఇంక నాకు దీంతో పనేముంది నాయనా."

ఆ తర్వాత సంగతి పరిషత్తు కార్యదర్శి ఇంటికి వచ్చినప్పుడు చెప్పాడు. దమయంతమ్మ అరుగు మీద పద్యాలు మానేసిందట. పిల్లలు వస్తే, "తప్పు నేర్పుతానర్రా, పోయి ఆడుకోండి," అని పంపించేస్తోందట. గోవర్ధనరావు అయ్యో అన్నాడు. కాఫీ తాగుతారా అని అడిగాడు.

నాకు మాత్రం గౌరవం పెరిగింది. ముందుగదిలోంచి తీసి హాల్లో, వచ్చినవాళ్లకు ఎదురుగా కొత్త అద్దాల పెట్టెలో పెట్టారు. నా పక్కన ఆ సన్మానం ఫోటో. అందులో ఆమె నన్ను చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. చూసినవాళ్లంతా ఎంత తన్మయత్వం అంటారు. అది డొప్పుమన్న క్షణమని ఎవరికి తెలుసు? మనుషులు నన్ను మోసం చేశారని చెప్పుకుంటే నా బాధ సగమే. ఆమెను మోసం చేయడానికి నన్నే వాడుకున్నారు. ఒక్కరోజూ అబద్ధమాడని డబ్బా అని పేరు తెచ్చిపెట్టిన ఆమె గొంతునే, ఆ పేరుతోనే నొక్కాను.

హాలుకు ఆనుకునే వంటిల్లు. నిన్న పొద్దున భ్రమరాంబ పులావుకు మసాలా తీసుకుంటోంది. లవంగాలు అడుగంటినట్టున్నాయి. డబ్బాను అరచేతిలో బోర్లించి అడుగున గోటితో కొట్టింది.

ఠంగ్.

ఐదు. తుప్పుపట్టి, సొట్టపడి, మూత కూడా లేకుండా, సాంబయ్య నవ్విన నాటి మోతే. మోగింది ఎప్పుడూ అదే, నేను కాదు. సిగ్గుపడే తీరిక కూడా లేకపోయింది నాకు. ఆమె చెవి పోలేదు, ఆమె చెవి పోలేదు అని అద్దం పగిలేలా అరవాలనిపించింది.

గోవర్ధనరావు నా ఎదురుగా పేపరు చదువుకుంటున్నాడు. ఆయనకు శ్రుతి ఏం తెలుస్తుందిలే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ నెలల తరబడి ఆ అరుగు మీద కూర్చుని ఆ మోత విన్న మనిషి. పేపరు తిప్పబోతున్న చేయి అలాగే ఆగిపోయింది. లోపల భ్రమరాంబ మరోసారి కొట్టింది. ఆయన కళ్లెత్తి నన్ను చూశాడు, నా పక్కనున్న ఫోటోను చూశాడు. లేచాడు. ఫోను దగ్గరకు వెళతాడనుకున్నాను.

వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చి, మళ్లీ పేపరు తీసుకున్నాడు.